డైవ్ షాపులో ఏం అడగాలి, ఏం కొనాలి, సర్వీస్‌కు ఎలా ఇవ్వాలి: కొత్త స్కూబా డైవర్లకు

స్కూబాలో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తయింది, కార్డు వచ్చింది. అండమాన్‌లోని హ్యావ్‌లాక్ దీవి నుంచి హైదరాబాద్ తిరిగొచ్చిన వారానికే ఫోన్‌లో మాస్కులు, ఫిన్స్ (కాళ్ళకు తొడిగే రెక్కలు), రెగ్యులేటర్లు (సిలిండర్ గాలిని నోటికి అందించేవి) చూడటం మొదలవుతుంది. దాదాపు అందరికీ జరిగేదే ఇది. అప్పుడు నోటికి ముందుగా వచ్చే ప్రశ్న "ఎంత?" దాన్ని కాసేపు పక్కన పెట్టి, "దీన్ని ఎవరు సర్వీస్ చేస్తారు, ఎక్కడ చేస్తారు?" అని మొదలుపెట్టండి.

మన ఇళ్ళలో బండి కొనేటప్పుడు పెద్దవాళ్ళు అడిగేది కూడా అదే కదా. ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందా, పార్టులు దొరుకుతాయా అని. బండి ఆగిపోతే రోడ్డు పక్కన నిలబెట్టి ఎవరికైనా ఫోన్ చేస్తాం. 18 మీటర్ల లోతులో ఆ వెసులుబాటు లేదు. పైగా మనలో చాలామంది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. వైజాగ్ వాళ్ళకు రుషికొండ పక్కనే ఉంది కాబట్టి కాస్త నయం. హైదరాబాద్, వరంగల్, కర్నూలు వాళ్ళు గేర్ కొనడం ఒక పని, దాన్ని బాగా ఉంచుకోవడం ఇంకో పెద్ద పని.

షాపుకు వెళ్ళే ముందు

ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. వచ్చే ఏడాదిలో ఎక్కడ డైవ్ చేయబోతున్నారు, ఎన్నిసార్లు వెళ్ళగలరు, ఇప్పటిదాకా అద్దె గేర్‌లో ఏది ఇబ్బంది పెట్టింది, మీకు కళ్ళజోడు ఉందా. కోర్సులో వాడిన సైజులు గుర్తుంటే అవి కూడా రాయండి. బీసీడీ (గాలి నింపి నీళ్ళలో తేలడానికి వేసుకునే జాకెట్) మీడియమా లార్జా, మునగడానికి ఎన్ని కిలోల వెయిట్లు పెట్టుకున్నారు, ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ మందం ఎంత. డైవ్ వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఇవన్నీ రాసే అలవాటు ఉంటే షాపులో మీ గురించి చెప్పడం ఐదు నిమిషాల పని.

వీటిలో అసలు లెక్క "ఎన్నిసార్లు" అన్నది. ఏడాదికి ఒక్కసారి అండమాన్ వెళ్ళి ఆరేడు డైవ్‌లు చేసి వచ్చేవాళ్ళు రెగ్యులేటర్, బీసీడీ కొనొద్దు. మిగతా నెలలన్నీ అవి అల్మరాలో ఉంటాయి. వాడకపోయినా లోపలి రబ్బరు ఓ-రింగులు గట్టిపడతాయి, సర్వీస్ తేదీ మాత్రం ఠంచనుగా వచ్చేస్తుంది. నా లెక్క ప్రకారం ఏడాదికి 20 డైవ్‌లు దాటేదాకా సొంతానికి మాస్క్, డైవ్ కంప్యూటర్, మీరెక్కడున్నారో పడవకు తెలిసేలా నీళ్ళపైకి వదిలే ఆరెంజ్ రంగు ఎస్‌ఎంబీ ట్యూబు ఉంటే చాలు. మిగతావి అద్దెకు తీసుకోండి. అద్దెకు తీసుకోవడం వల్ల ఇంకో మేలు ఉంది. నాలుగు చోట్ల నాలుగు రకాల బీసీడీలు వేసుకుంటే మీ ఒంటికి ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది.

షాపును ఎలా అంచనా వేయాలి

షోకేస్ చూడకముందు షాపు వెనక్కి వెళ్ళండి. "గేర్ ఎక్కడ కడుగుతారో చూడొచ్చా?" అని అడిగితే మంచి షాపులో ఎవరూ కాదనరు. కడిగే తొట్టిలో నీళ్ళు నిన్నటివా, ఇవాళ మార్చినవా అన్నది చూడగానే తెలుస్తుంది. రెగ్యులేటర్లు నీడలో వేలాడుతున్నాయా, ఎండలో బెంచీ మీద పడున్నాయా చూడండి. అద్దె వెట్‌సూట్ల వాసన కూడా చాలా చెబుతుంది.

తర్వాత కంప్రెసర్. సిలిండర్లలో గాలి నింపేది అదే. అది గాలి పీల్చుకునే పైపు చివర ఎక్కడుందో వెతకండి. డీజిల్ జనరేటర్ పొగగొట్టం దగ్గరో, వాహనాలు ఆగే చోటో ఉంటే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లోకి చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు, లోతుకు వెళ్ళేకొద్దీ దాని ప్రభావం పెరుగుతుంది. కంప్రెసర్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు, గాలిని ఎప్పుడు పరీక్ష చేయించారు అని అడగండి. శ్వాసకు వాడే గాలికి యూరప్‌లో ఈఎన్ 12021 అనే ప్రమాణం ఉంది. ఆ పేరు చెప్పి అడిగితే, పని తెలిసినవాళ్ళు రిజిస్టర్ తీసి చూపిస్తారు. విసుక్కునే చోట గాలి నింపించుకోకండి.

ఇక షాపులో కూర్చున్నాక, మాట్లాడేది ఎవరో గమనించండి. మీరు నోరు తెరవకముందే ఫుల్ సెట్ మీద డిస్కౌంట్ చెబుతున్నారా, లేక మీరెక్కడ డైవ్ చేస్తారో, అద్దె మాస్క్ ఎక్కడ లీకైందో అడుగుతున్నారా? నేను మొదటిసారి వెళ్ళిన చోట పది నిమిషాల్లో మూడు పెట్టెలు నా ముందు పెట్టారు. రెండో చోట ఒకమ్మాయి వరుసగా ఏడు మాస్కులు నా మొహానికి పెట్టించి చూసి, "సార్, ఇదొక్కటే తీసుకోండి. మిగతావి ఇంకో ట్రిప్ అయ్యాక చూద్దాం" అంది. ఆ మాస్కే నేను ఇప్పటికీ వాడుతున్నాను.

ప్రతి షాపూ తన దగ్గరున్న బ్రాండే మంచిదంటుంది. దాన్ని మోసం అనలేం. ఆ బ్రాండ్ పార్టులు వాళ్ళ దగ్గరుంటాయి, టెక్నీషియన్‌కు ఆ బ్రాండ్ మీదే ట్రైనింగ్ ఉంటుంది. అయినా ఈ ప్రశ్న వేయండి: "మీ అద్దె సెట్లలో ఏ రెగ్యులేటర్ పెట్టారు, ఎందుకు?" అద్దె గేర్ రోజూ నీళ్ళలో మునుగుతుంది, ఎవరెవరి చేతుల్లోనో పడుతుంది. తరచూ పాడయ్యేది, పార్టులు దొరకనిది అయితే షాపువాళ్ళే దాన్ని పెట్టుకోరు.

ఒక మాట. గంటసేపు మీతో కూర్చుని సైజులన్నీ చూపించిన షాపులో మాస్క్ ట్రై చేసి, బయటికొచ్చి అదే మాస్క్‌ను మూడొందలు తక్కువని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. రేపు మీ సిలిండర్ నింపాల్సింది, రెగ్యులేటర్ విప్పాల్సింది ఆ షాపే.

మాస్క్: ముందు కొనాల్సింది ఇదే

పట్టీని అద్దం ముందువైపుకు తిప్పేయండి. తల కొద్దిగా పైకెత్తి, మాస్క్‌ను మొహం మీద ఊరికే ఆనించండి, నొక్కొద్దు. ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేయండి. తల వంచినా మాస్క్ పడకుండా అలాగే అంటుకుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టు. ఎక్కడో గాలి సన్నగా లోపలికి వస్తోందంటే, ఎంత ఖరీదైనదైనా మీది కాదు. ఇప్పుడు నోట్లో రెగ్యులేటర్ మౌత్‌పీస్ పెట్టుకుని మళ్ళీ చూడండి. నోరు తెరిచినప్పుడు బుగ్గలు కదులుతాయి, అక్కడే చాలా మాస్కులు ఫెయిలవుతాయి. మౌత్‌పీస్ ఇవ్వమని షాపులో అడగండి, మొహమాటపడొద్దు.

మీసం ఉన్నవాళ్ళకు పై పెదవి దగ్గర నీళ్ళు కారడం మామూలే. ముక్కు కిందే, మాస్క్ అంచు ఆనే చోట ఒక సన్నటి గీత మేర మీసం కత్తిరిస్తే చాలావరకు ఆగుతుంది. పూర్తిగా తీసేయాల్సిన పని లేదు. కొందరు వ్యాసెలిన్ రాస్తారు, అది రాయకండి. కావాలంటే షాపులో సిలికాన్ గ్రీజ్ అడగండి. తలకు కొబ్బరినూనె పెట్టుకుని, మొహానికి సన్‌స్క్రీన్ దట్టంగా రాసుకుని మాస్క్ పెట్టుకుంటే జిడ్డు అద్దానికి అంటి మంచు పట్టినట్టు మసకేస్తుంది. డైవ్ రోజు పొద్దున్నే తల మీద నూనె వద్దు. జుట్టు పొడవుగా ఉన్నవాళ్ళు కొప్పు కిందికి వేసుకుంటే పట్టీ తలమీద సరైన ఎత్తులో నిలుస్తుంది. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్ళు వస్తాయి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకు పవర్ లెన్సులు బిగించగలిగే మాస్కులు ఉంటాయి. వాటిలో ఎడమ, కుడి అద్దాలు విడివిడిగా ఉంటాయి. మీ చీటీ వెంట తీసుకెళ్ళండి. కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో మిగిలిన పలుచని పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో లోపలి వైపు వేలితో రెండు మూడుసార్లు రుద్ది కడిగితే పోతుంది. పవర్ లెన్సులకు, కోటింగ్ ఉన్న అద్దాలకు మాత్రం ఈ పని చేయొద్దు, షాపులోనే అడిగి చేయండి. ఇంకో సంగతి. బీచ్‌లో అమ్మే మొహమంతా కప్పే స్నార్కెల్ మాస్క్ స్కూబాకు పనికిరాదు. దానిలో ముక్కు పట్టుకుని చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోలేరు, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోలేరు.

ఫిన్స్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. పడవ మీద నుంచే దూకే చోట్ల చెప్పుల్లా తొడుక్కునేవి చాలు. రాళ్ళ మీద నడిచి నీళ్ళలోకి దిగే చోటైతే బూటు వేసుకుని, వెనక పట్టీతో బిగించేవి మంచివి. బూటు వేసుకునే సైజు చూడాలి. అండమాన్ నీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి కాబట్టి 3 మి.మీ. వెట్‌సూట్ చాలు. ఒంటికి బిగుతుగా ఉండాలి, మెడ దగ్గర ఊపిరాడనంత బిగుతు వద్దు.

డైవ్ కంప్యూటర్: రెండో కొనుగోలు

మీ ఒంట్లో నైట్రోజన్ ఎంత చేరింది, ఈ లోతులో ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చు అన్నది ఇది లెక్కేస్తుంది. అది మీ చేతికి కట్టుకుని మీరు చేసిన డైవ్‌ల లెక్క. పక్కవాళ్ళతో పంచుకునే వస్తువు కాదు. పొద్దున అద్దెకు తీసుకున్నది మధ్యాహ్నం వేరేవాళ్ళ చేతికి వెళితే పొద్దుటి డైవ్ లెక్క మీతో రాదు. అందుకే బీసీడీ కన్నా ముందు ఇది కొనమంటాను.

షాపులో మూడు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ నేనే మార్చుకోవచ్చా, లేక కంపెనీకి పంపాలా? మార్చాక నీళ్ళు చొరబడకుండా ప్రెషర్ టెస్ట్ చేసే మెషిన్ మీ దగ్గర ఉందా? మెను నాకు చూపిస్తూ, ఎయిర్ నుంచి నైట్రాక్స్‌కు (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) ఎలా మార్చాలో ఇక్కడే నేర్పిస్తారా? మొదటి కంప్యూటర్‌కు రంగుల తెర, వైర్‌లెస్ ట్యాంక్ ప్రెషర్ అవసరం లేదు. ఎండలో, మసక నీళ్ళలో అంకెలు పెద్దగా కనపడటమే ముఖ్యం. షాపు లైట్ల కింద కాకుండా గుమ్మం బయటకు తీసుకెళ్ళి చూడండి.

రెగ్యులేటర్, బీసీడీ కొనే రోజు వస్తే

రెగ్యులేటర్ సెట్ పదుల వేల రూపాయల వస్తువు, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్ళండి. పేరున్న కంపెనీ తయారుచేసి, ఈఎన్ 250 ప్రమాణం కింద పాసైన ఏ రెగ్యులేటరైనా కొత్త డైవర్ వెళ్ళే 18 మీటర్ల లోతుకు సరిపడా గాలి ఇస్తుంది. ఆ లోతులో ఒత్తిడి ఉపరితలం కన్నా 2.8 రెట్లు ఉంటుంది, అంటే ప్రతి ఊపిరికీ అన్ని రెట్లు ఎక్కువ గాలి కావాలి. బ్యాలెన్స్‌డ్ రకం అయితే సిలిండర్‌లో గాలి తగ్గినప్పుడు కూడా ఊపిరి ఒకేలా ఆడుతుంది. ఎక్కువ కాలం వాడే ఉద్దేశం ఉంటే దానికి కాస్త ఎక్కువ పెట్టడం సబబే. టైటానియం, ప్రత్యేక రంగులు వంటివి పక్కన పెట్టండి.

సిలిండర్‌కు బిగించే తీరులో రెండు రకాలు ఉన్నాయి. యోక్ రకం పైనుంచి బిగించే చట్రంలా ఉంటుంది, 232 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా వాడతారు. డిన్ రకం మరలా లోపలికి తిరిగి బిగుస్తుంది, 300 బార్ సిలిండర్లకూ పనికొస్తుంది. మీరు తరచూ వెళ్ళే చోట సిలిండర్ వాల్వ్ ఏ రకమో ఫోన్ చేసి కనుక్కుని కొనండి. డిన్ కొంటే యోక్ అడాప్టర్ కూడా వెంట ఉంచుకోవచ్చు.

తర్వాత ఇవి అడగండి. ఈ మోడల్ సర్వీస్ కిట్ (సర్వీస్‌లో మార్చే చిన్న పార్టుల సెట్) మీ దగ్గర స్టాక్ ఉందా? మీరే విప్పుతారా, వేరే ఊరికి పంపుతారా? పంపితే ఎన్ని రోజులు పడుతుంది? ఏడాదికోసారి చెక్ చేయించకపోతే వారంటీ పోతుందా? చాలా షాపులు సొంతంగా విప్పవు, బ్రాండ్ సర్వీస్ ఉన్న నగరానికి కొరియర్ చేస్తాయి. తప్పేమీ లేదు, కానీ ముందే తెలియాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, దుబాయ్‌లో ఉన్న బావో తక్కువ ధరకు తెచ్చిస్తామంటారు. మాస్క్, ఫిన్స్, ట్యూబు అయితే హాయిగా తెప్పించుకోండి. రెగ్యులేటర్ విషయంలో మాత్రం ఆగండి. చాలా కంపెనీల వారంటీ అధీకృత డీలర్ దగ్గర, ఆ దేశంలో కొన్నదానికే చెల్లుతుంది. తెప్పించుకోవాలనే నిశ్చయిస్తే, ఇక్కడ సర్వీస్ చేసే షాపుతో ముందు మాట్లాడి ఆ మోడల్ కిట్ దొరుకుతుందని రూఢి చేసుకోండి. బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో దాచుకోండి.

బీసీడీని ఖాళీగా వేసుకుని చూసి సరిపోయిందనుకోవద్దు. షాపులో వెట్‌సూట్ వేసుకుని, సిలిండర్ కట్టించుకుని, గాలి నిండా నింపి చూడండి. నింపినప్పుడు పక్కటెముకలు పట్టేసి ఊపిరి బిగుసుకుంటే సైజు చిన్నది. భుజాల మీద నుంచి పైకి జారిపోతుంటే పెద్దది. గాలి వదిలే తాళ్ళు, భుజం దగ్గరదీ నడుం వెనకదీ, చూడకుండా చేత్తో అందుకోగలగాలి. స్విమ్మింగ్ పూల్‌లో ఒకసారి వేసుకుని చూడనిచ్చే షాపు ఉంటే రెండు వేలు ఎక్కువైనా అక్కడే కొనండి.

అద్దె గేర్ తీసుకునేటప్పుడు

ఇక్కడే మనం ఎక్కువ తప్పులు చేస్తాం. కారణం మొహమాటం. "వాళ్ళు రోజూ చేసే పని, మనం ఏం అడుగుతాం" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ట్రిప్‌లో పడవ మీద బీసీడీలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కితే, వేలు తీశాక కూడా అది వెంటనే పైకి లేవలేదు. అర సెకను ఆలస్యం. అందరూ దూకడానికి సిద్ధంగా ఉన్నారని నోరు మెదపలేదు. తొమ్మిది మీటర్ల దగ్గర కొద్దిగా గాలి వేసుకున్నాను, బటన్ లోపలే ఉండిపోయింది. బీసీడీ ఉబ్బుతూ నన్ను పైకి లాగసాగింది. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క తన్నులో దగ్గరికి వచ్చి ఆ బటన్‌కు గాలి తెచ్చే పైపును బీసీడీ నుంచి ఊడదీసి, వెనక తాడు లాగి గాలి వదిలేయడంతో సరిపోయింది. లోపల ఉప్పు గట్టిపడి ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఏ పడవ ఎక్కినా, ఎవరు తొందరపెట్టినా, కింద చెప్పే పనులు పూర్తయ్యేదాకా దిగను. మీరు కూడా దిగొద్దు.

ముందు గొట్టాలను చేత్తో తడమండి. మెటల్ కలిసే చోట ఉబ్బు, పగుళ్ళు ఉంటే మార్చమనండి. మౌత్‌పీస్‌ను వేళ్ళతో సాగదీసి చూడండి, పళ్ళతో కొరికే చోట చీలితే నీళ్ళు నోట్లోకి వస్తాయి. సిలిండర్ తెరవకముందే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి రాకూడదు. వస్తే ఎక్కడో లీకుంది. తర్వాత వాల్వ్ నెమ్మదిగా పూర్తిగా తెరవండి, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ మీద 200 బార్ దగ్గర ఉండాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. కళ్ళు గేజ్ ముల్లు మీదే ఉంచి రెగ్యులేటర్‌తో ఐదు నిండు ఊపిరులు పీల్చండి. ముల్లు కదలకుండా ఉండాలి. మీరు పీల్చిన ప్రతిసారీ 200 నుంచి 150కి జారి, మళ్ళీ 200కి ఎక్కుతుంటే వాల్వ్ సగమే తెరిచి ఉందన్నమాట, లేదా ఫిల్టర్ మూసుకుపోతోంది. పైన ఊపిరి బాగానే ఆడుతుంది, లోతులో గాలి చాలదు. పడవ మీద ఎవరో సాయం చేద్దామని వాల్వ్‌ను తప్పు వైపు తిప్పి వదిలిన సందర్భాలు ఉంటాయి, అందుకే దిగే ముందు చివరి పని ఇదే చేయండి. రెండో రెగ్యులేటర్, పసుపు రంగుది, దాన్ని కూడా ఇలాగే పీల్చి చూడాలి. పీల్చే గాలికి నూనె వాసనో, పొగ వాసనో, రుచి తేడాగానో ఉంటే ఆ సిలిండర్ వద్దనండి. ఇంకోటి ఇస్తారు. ఇవ్వకపోతే ఆ రోజు డైవ్ మానేయండి.

తర్వాత ఇన్‌ఫ్లేటర్ బటన్ ఐదారుసార్లు నొక్కండి, వేలు తీసిన క్షణమే ఠక్కున లేవాలి. బీసీడీ నిండా నింపి రెండు నిమిషాలు ఆగండి, మెత్తబడితే లీకుంది. పైపును ఊడదీసే క్లిప్పు ఎక్కడుందో కళ్ళు మూసుకుని ఒకసారి ఊడదీసి, మళ్ళీ బిగించండి. ఇవన్నీ కలిపి ఐదు నిమిషాలు పట్టవు.

వెయిట్ల విషయం షాపుకు వదిలేయకండి. కొత్తవాళ్ళు మునగరని రెండు కిలోలు ఎక్కువ పెట్టడం చాలాచోట్ల అలవాటు. అది గాలి ఎక్కువ వాడేలా చేస్తుంది, అడుగున పగడాలను తన్నేలా చేస్తుంది. ఒకసారి సరిగ్గా చూసుకుని రాసి పెట్టుకోండి. డైవ్ చివర సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, బీసీడీ ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి నిటారుగా ఉంటే నీళ్ళు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో ఎందుకు చూడకూడదంటే, 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో నింపిన గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. డైవ్ చివరికి ఆ బరువు తగ్గి మీరు పైకి తేలతారు. పూల్‌లో సరిపోయిన వెయిట్లు ఉప్పునీళ్ళలో చాలవు, అది కూడా గుర్తుంచుకోండి.

సర్వీస్‌కు ఇవ్వడం

కంపెనీని బట్టి రెగ్యులేటర్‌కు ఏడాదికో, రెండేళ్ళకో, లేదా 100 డైవ్‌లకో పూర్తి సర్వీస్ చెబుతారు. రెండేళ్ళది అయినా మధ్యలో ఏడాదికోసారి విప్పకుండా తనిఖీ చేయించాలి. మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఏం రాశారో అదే పాటించండి. ట్రిప్‌కు రెండు రోజుల ముందు ఇవ్వొద్దు, కనీసం ఒకటిన్నర నెల ముందు ఇవ్వండి. పార్టు దొరక్కపోవచ్చు. సర్వీస్ అయి వచ్చినదాన్ని ఒకసారి పూల్‌లో వాడి చూసుకునే సమయం కూడా మీకు కావాలి. కొత్త సీటు (లోపల గాలిని ఆపే బిళ్ళ) కొన్ని డైవ్‌లలో సర్దుకుంటుంది, అప్పుడు సన్నగా గాలి లీకవ్వొచ్చు. దాన్ని అండమాన్‌లో కనుక్కోవడం కన్నా ఊళ్ళోనే కనుక్కోవడం మేలు.

ఇచ్చేటప్పుడు "సర్వీస్ చేయండి" అని వదిలేయకండి. లోపం ఏ పరిస్థితిలో వచ్చిందో కాగితం మీద రాసివ్వండి: "రెండో డైవ్ తర్వాత, సిలిండర్ తెరిచి ఉంచితే పది నిమిషాలకు సెకండ్ స్టేజ్ నుంచి సన్నగా బుడగలు" అన్నట్టు. సెకండ్ స్టేజ్ అంటే రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగం, ఫస్ట్ స్టేజ్ అంటే సిలిండర్‌కు బిగించేది. సీరియల్ నంబర్లు రసీదు మీద రాయించుకోండి. ఇన్‌ఫ్లేటర్, గేజ్, రెండో రెగ్యులేటర్ కూడా సర్వీస్‌లో ఉన్నాయో లేదో అడగండి. చాలామంది ఫస్ట్ స్టేజ్, ఒక సెకండ్ స్టేజ్ మాత్రమే అనుకుని ఇస్తారు.

కుదిరితే విప్పేటప్పుడు పక్కన నిలబడండి. ఒకసారి టెక్నీషియన్ నా ఫస్ట్ స్టేజ్ విప్పి, గాలి లోపలికి వచ్చే దారిలో ఉండే బొత్తాం అంత ఫిల్టర్‌ను అరచేతిలో పెట్టి చూపించాడు. ఇత్తడి రంగులో ఉండాల్సింది ఒక అంచున ఆకుపచ్చగా మారింది. "సార్, క్యాప్ తడిగా పెట్టి మూశారా?" అని అడిగాడు. నిజమే, కడిగే ముందు మూసే డస్ట్ క్యాప్ లోపల చుక్క నీళ్ళు ఉన్నాయో లేదో నేను చూడలేదు. ఫిల్టర్ ఆకుపచ్చగా ఉంటే నీళ్ళు చేరినట్టు, ఎర్రటి గోధుమ రంగులో ఉంటే స్టీల్ సిలిండర్ తుప్పు వస్తున్నట్టు, నల్లటి పొడి ఉంటే కంప్రెసర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తున్నట్టు అనుమానించాలి. మీ ఫిల్టర్ ఏ రంగులో ఉందో తప్పకుండా అడగండి.

తిరిగి తీసుకునేటప్పుడు మార్చిన పాత పార్టులు సంచిలో వేసి ఇవ్వమనండి. బైక్ మెకానిక్‌ను అడిగినట్టే. తర్వాత ఇంటర్మీడియట్ ప్రెషర్ (ఫస్ట్ స్టేజ్ నుంచి గొట్టంలోకి వచ్చే గాలి ఒత్తిడి) ఎంత వచ్చిందని అడగండి. సాధారణంగా 9, 10 బార్ల మధ్య ఉంటుంది, మీ మోడల్‌కు ఎంత ఉండాలో కంపెనీ చెబుతుంది. గేజ్ పెట్టి మీ ముందు ఒకసారి చూపించమనండి. ఊపిరి తీసినప్పుడు ముల్లు కిందికి దిగి, ఆపగానే ఒక చోటికి వచ్చి అక్కడే ఆగాలి. ఆగకుండా నెమ్మదిగా పైకి పాకుతుంటే లోపలి సీటు సరిగా కూర్చోలేదు, అక్కడే తిరిగి ఇచ్చేయండి. ఈ అంకె, తేదీ బిల్లు మీద రాసి ఇచ్చే షాపును వదులుకోవద్దు.

పని నచ్చకపోతే గట్టిగా, మర్యాదగా చెప్పండి. మొదటిసారి సరిచేయమని ఇవ్వండి. రెండోసారి అదే లోపం వస్తే ఇంకో చోట చూపించండి. డబ్బు పోయిందని ఆ రెగ్యులేటర్‌తోనే సర్దుకోవడం మాత్రం వద్దు.

సొంత సిలిండర్ కొనొద్దని నా సలహా. అమెరికాలో ఉంటూ వారాంతాల్లో చెరువుల్లో, క్వారీల్లో డైవ్ చేసే మనవాళ్ళకైతే వేరే సంగతి. వాళ్ళు ఏడాదికోసారి లోపలి తనిఖీ, ఐదేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి. ఆ ముద్ర, స్టిక్కర్ లేకపోతే షాపు గాలి నింపదు. అద్దె సిలిండర్ మీద కూడా ఈ తేదీలు ఉన్నాయేమో చూడండి.

ట్రిప్ చివరి రోజు

రెండు మూడు రోజులు వరుసగా డైవ్ చేశాక, విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆ ఖాళీ సమయాన్నే గేర్‌కు ఇవ్వండి. రెగ్యులేటర్ డస్ట్ క్యాప్‌ను పొడి గుడ్డతో తుడిచి బిగించి, మంచినీళ్ళలో అరగంట నానబెట్టండి. నీళ్ళలో ఉండగా సెకండ్ స్టేజ్ బటన్ నొక్కొద్దు, నొక్కితే నీళ్ళు గొట్టంలోకి ఎక్కుతాయి. బీసీడీ లోపలికి నీళ్ళు పోసి, అటూ ఇటూ ఊపి, తలకిందులు చేసి వంపేయండి. ఇన్‌ఫ్లేటర్ బటన్‌ను నీళ్ళలో పదిసార్లు నొక్కండి. మీ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఇంటికొచ్చాక చివరిసారి తాగే నీళ్ళతో కడగండి. నీడలో ఆరబెట్టి, గొట్టాలు మడత పడకుండా గుండ్రంగా చుట్టి పెట్టండి. తెల్ల సిలికాన్ మాస్క్‌ను నల్ల ఫిన్స్‌కు ఆనించి పెట్టొద్దు, మరకలు పడతాయి.

రెగ్యులేటర్, కంప్యూటర్ చేతి సంచిలో పెట్టుకోండి. టార్చ్ విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగ్‌లో వేయకూడదు, అవి కూడా వెంటే ఉండాలి. ఇక ఏ గొట్టం దగ్గర బుడగలు వచ్చాయి, ఏ బకిల్ వదులైంది, వెయిట్లు ఎన్ని సరిపోయాయి అన్నది గుర్తున్నప్పుడే, అక్కడి గదిలోనే కూర్చుని లాగ్‌బుక్‌లో రాసేయండి. ఇంటికి చేరిన వారంలోనే ఆ పేజీ ఫొటో మీ సర్వీస్ షాపుకు పంపి, పార్టులు ఉన్నాయా అని అడగండి.